కాలు నేలకు అందే బండి కోసం: రవాణా శాఖకు, మోటార్‌సైకిల్ కంపెనీలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రవాణా శాఖ కమిషనర్ గారికి,
మన దేశంలో మోటార్‌సైకిళ్లు తయారుచేస్తున్న కంపెనీల డిజైన్ విభాగాల పెద్దలకు,

విషయం: పొట్టివారి కోసం మోటార్‌సైకిల్ సస్పెన్షన్ ఎత్తు తగ్గించడానికి కంపెనీ కిట్, దానికి ప్రభుత్వ ఆమోదం.

నమస్కారం.

హైదరాబాద్‌లో పెద్దవాళ్లకు, ఎక్కువగా ఆడవాళ్లకు, గేర్ల బండి నేర్పించడం నా వృత్తి. నా దగ్గరికి వచ్చేవారిలో నర్సులున్నారు, బ్యాంకు ఉద్యోగులున్నారు, పిల్లలు పెద్దవాళ్లయ్యాక ఇన్నాళ్లకు తీరిక చిక్కిన గృహిణులున్నారు. చాలామంది ఎత్తు అయిదడుగులకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. క్లచ్, గేర్లు, బ్రేకు అందరిలాగే వాళ్లకూ పట్టుబడతాయి. అసలు చిక్కు బండి కొనడానికి షోరూముకు వెళ్లిన రోజున మొదలవుతుంది. మనసుపడ్డ బండి ఎక్కితే కాలు నేలకు అందదు. అందేలా చేసిపెట్టమంటే కంపెనీ తన పని కాదంటుంది. బయట చేయించుకుందామంటే అది చట్టానికి సమ్మతమో కాదో తేల్చి చెప్పేవారు లేరు. సస్పెన్షన్, అంటే చక్రాల మీద బండిని మోసే స్ప్రింగులు, షాక్‌అబ్జార్బర్ల ఎత్తు తగ్గించడాన్ని లేత్ షాపుల్లో చాటుమాటుగా జరిగే పనిగా వదిలేయకుండా, కంపెనీ తయారుచేసిన కిట్‌తో, ప్రభుత్వ ఆమోదంతో, ఆర్.సి.లో నమోదుతో జరిగే పనిగా మార్చండని అడగడానికే ఈ లేఖ రాస్తున్నాను.

మన దేశంలో స్త్రీల సగటు ఎత్తు సుమారు 152 సెంటీమీటర్లు, పురుషుల సగటు ఎత్తు సుమారు 165 సెంటీమీటర్లు. 152 సెంటీమీటర్ల మనిషికి గజ్జల నుంచి మడమ దాకా కాలి కొలత 70 సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. యాక్టివా సీటు నేలనుంచి దాదాపు 765 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది, స్ప్లెండర్‌ది 785, రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350ది 805. అదే కంపెనీ హిమాలయన్ 450 సీటును రెండు ఎత్తుల్లో అమర్చుకోవచ్చు. కింది అమరికలో 825, పై అమరికలో 845. కేటీఎం 390 అడ్వెంచర్ పాత మోడల్‌ది 855. బండి మీద కూర్చోగానే స్ప్రింగులు కొంత దిగుతాయి, మడమలెత్తి మునివేళ్లు ఆనిస్తే మరికొంత కలిసొస్తుంది. ఆ తర్వాత కూడా మిగిలిపోయే రెండు మూడు సెంటీమీటర్ల దగ్గరే మా వాళ్లు ఆగిపోతున్నారు.

రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనాల్సిన పనిలేదని, సీటు మీద కొద్దిగా పక్కకు జరిగి ఒక కాలు గట్టిగా ఆనిస్తే చాలని నేను మొదటి రోజునే చెబుతాను. సాధన చేస్తే చాలామందికి అది సరిపోతుంది కూడా. కాని షోరూములో నేల నున్నగా, చదునుగా ఉంటుంది. రోడ్డు అలా ఉండదు. వాననీరు పోవడానికి రోడ్డును నడుమ ఎత్తుగా, అంచులకు వాలుగా వేస్తారు. మనం రోడ్డుకు ఎడమవైపున నడిపేవాళ్లం. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కుడికాలు వెనుక బ్రేకు మీద ఉంటుంది కనుక ఎడమకాలే నేలమీద ఆనాలి. అంటే ఏ కాలు ఆనాలో సరిగ్గా ఆ కాలి కిందనే నేల దిగిపోయి ఉంటుంది. అక్కడే మ్యాన్‌హోల్ మూత కుంగి ఉండవచ్చు, కంకర తేలి ఉండవచ్చు. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ ఎత్తుల్లోనో, ఫ్లైఓవర్ ఎక్కేచోటో ట్రాఫిక్ నిలిచిపోతే బండి వెనక్కి జారకుండా బ్రేకు తొక్కిపట్టే ఉండాలి, కాబట్టి కాలు మార్చుకునే వీలు కూడా ఉండదు. హిమాలయన్ 450 బరువు పెట్రోలుతో కలిపి 196 కిలోలు. నిటారుగా ఉన్నంతసేపు ఆ బరువు చేతికి తెలియదు. నాలుగు వేళ్లు వాలిందంటే మాత్రం 50 కిలోల మనిషి దాన్ని ఆపడం అసాధ్యం.

డిజైన్ విభాగాల వారికి బాగా తెలిసిన మరో సంగతి ఇక్కడ గుర్తుచేయాలి. మనిషి కూర్చున్నప్పుడు సస్పెన్షన్ తన మొత్తం కదలికలో సుమారు 30 శాతం దిగాలన్నది ఈ పని తెలిసినవారు పాటించే లెక్క. 200 మిల్లీమీటర్ల కదలిక ఉన్న బండికి అది 60 మిల్లీమీటర్లు. మీరు బండిలో వేసే స్ప్రింగు బరువైన మనిషినీ, వెనుక కూర్చునే మనిషినీ, సామానునూ కూడా మోయాలి. అందుకని 50 కిలోల మనిషి ఒక్కతే కూర్చుంటే అది కావలసినంత దిగదు. కాలు పొట్టి కావడం ఒక ఇబ్బంది అయితే, బరువు తక్కువ కావడం వల్ల బండి ఉండవలసిన దానికన్నా పైనే నిలబడి ఉండటం రెండో ఇబ్బంది. గుంతల్లో నడుము అదిరిపోవడం దీనికి అదనం. ప్రీలోడ్, అంటే స్ప్రింగును ముందుగానే కొంత నొక్కి ఉంచే బిగింపు, వదులు చేస్తే కొంత దిగుతుంది గాని, అది చివరికంటా వదులుగా ఉన్నాక చేయగలిగింది ఏమీ ఉండదు. బరువుకు తగిన స్ప్రింగు వేస్తే సీటు దిగుతుంది, ప్రయాణం మెత్తబడుతుంది, బండి కొలతలు ఏవీ చెడవు. అంత తేలికైన ఈ వైద్యాన్ని మన షోరూముల విడిభాగాల జాబితాల్లో పెట్టకపోవడానికి నాకు ఏ కారణమూ కనిపించడం లేదు.

కంపెనీ దారి మూసుకుపోయినప్పుడు జనం బండ్ల విడిభాగాలు దొరికే పుత్లీబౌలిలో సామాను కొని, తెలిసిన మెకానిక్ దగ్గరికో లేత్ షాపుకో వెళతారు. వాళ్ల చేతిపని మీద నాకు ఎంతో గౌరవం ఉంది. కాని వాళ్ల చేతిలో డ్రాయింగు లేదు, ఇనుము రకం చెప్పేవారు లేరు, చేసిన పనిని పరీక్షించే వసతి లేదు.

వెనుక ఒకే షాక్‌అబ్జార్బర్ ఉండే చాలా బండ్లలో దానికీ, వెనుక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్‌ఆర్మ్‌కూ నడుమ లింకేజీ అనే కీళ్ల అమరిక, అందులో రెండు చిన్న పట్టీలు ఉంటాయి. ఎక్కువ మోడళ్లలో ఆ పట్టీల పొడవు కొద్ది మిల్లీమీటర్లు పెంచితే సీటు దానికి కొన్ని రెట్లు కిందికి దిగుతుంది. పని ఇంత సులువుగా కనిపిస్తుంది గనుకనే అందరూ దీన్ని ఎంచుకుంటారు. నా విద్యార్థిని ఒకరు బండికి వేయించుకున్న పట్టీలను విప్పించి చూశాను. మామూలు ఇనుప ప్లేటును గ్యాస్‌తో కోసి, డ్రిల్లుతో రంధ్రాలు వేశారు. రెండింటినీ ఒకదానిమీద ఒకటి పెట్టి ఒకవైపు రంధ్రంలో బోల్టు దూరిస్తే రెండోవైపు రంధ్రాలు కలవలేదు. ఒకదాని అంచు రెండోదానిలోకి నెలవంకలా తొంగిచూసింది. అలా పొడవు తేడా ఉన్న పట్టీలను బిగిస్తే లింకేజీ మెలిపడుతుంది, బుష్ ఒక పక్కనే అరుగుతుంది, బోల్టు మీద పడకూడని భారం పడుతుంది.

పట్టీలు చక్కగా చేసినా మరో ప్రమాదం మిగిలే ఉంటుంది. బండి దిగింది గాని షాక్‌అబ్జార్బర్ పొడవు తగ్గలేదు. అది పూర్తిగా నొక్కుకున్నప్పుడు వెనుక చక్రం డిజైనర్ అనుకున్న హద్దు దాటి ఇంకా పైకి వస్తుంది. ఒక్కరే ఊళ్లో తిరిగినంతకాలం ఇది బయటపడదు. వెనుక మనిషిని, సామానును ఎక్కించుకుని శ్రీశైలం ఘాట్‌కో అనంతగిరికో వెళ్లినప్పుడు బయటపడుతుంది. అదే బండికి వెనుక మడ్‌గార్డ్ లోపల టైరు రాసుకున్న నల్లటి చార, దాని నడుమ ప్లాస్టిక్ కరిగి నిగనిగలాడే మచ్చ నా కంటపడ్డాయి. స్ప్రింగు విప్పేసి, చక్రాన్ని జాకీతో చివరికంటా పైకెత్తి, ఎక్కడైనా తగులుతోందేమో చూసుంటే ఆ సంగతి షెడ్డులోనే తెలిసిపోయేది. ఈ పరీక్ష చేసే షాపులు చాలా తక్కువ.

వెనుక మాత్రమే దించి ముందు వదిలేయడం ఇంకా ఎక్కువగా జరుగుతోంది. అలా చేస్తే ముందు ఫోర్కు వాలు, దానితో పాటు ట్రెయిల్ (హ్యాండిల్ తిరిగే ఇరుసు గీత నేలను తాకే చోటుకూ, ముందు టైరు నేలను తాకే చోటుకూ నడుమ దూరం) పెరిగి, హ్యాండిల్ మందకొడిగా తిరుగుతుంది. ముందు చక్రం మీద బరువు తగ్గి మలుపులో పట్టు సడలుతుంది. హెడ్‌లైట్ వెలుగు పైకి లేచి ఎదుటివారి కళ్లలో పడుతుంది. ముందు మాత్రమే దించితే ఇందుకు విరుద్ధంగా హ్యాండిల్ అతిచురుకై, వేగంలో వణుకు పుట్టే వీలుంది. రెండూ సమంగా దించాలి. ముందువైపు ఫోర్కు గొట్టాలను, వాటిని పట్టి ఉంచే క్లాంపుల్లోంచి పైకి జరపవచ్చు గాని, పూర్తిగా నొక్కుకున్నప్పుడు మడ్‌గార్డ్ కింది క్లాంపుకో రేడియేటర్‌కో తగలకుండా ఎంతవరకు జరపవచ్చో కొలిచి చెప్పగలిగింది కంపెనీయే. ఎత్తు మారాక చైన్ వదులును మళ్లీ సరిచూడాలి. సైడ్ స్టాండు సంగతి మరీ ముఖ్యం. బండి దిగితే పాత స్టాండు దానికి పొడవైపోతుంది, బండి నిటారుగా నిలబడుతుంది, కాస్త వాలున్న గల్లీలో చిన్న తగులు తగిలినా అవతలి పక్కకు పడిపోతుంది. దాన్ని కోసి వెల్డింగ్ చేయించుకోవడమే ఇప్పుడున్న మార్గం. ఆ వెల్డింగ్ ఎన్నాళ్లు నిలుస్తుందో చేసినవారు కూడా చెప్పలేరు.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది స్ప్రింగులు కోయడం. చుట్లు తగ్గిన స్ప్రింగు గట్టిపడుతుంది, కనుక తక్కువ బరువున్న మనిషికి బండి ఇంకా కఠినమవుతుంది. చదునుగా అరగదీసిన చివరి చుట్టు పోవడం వల్ల అది తన గుంటలో సరిగా కూర్చోదు. గ్యాస్ మంటతో వేడిచేసి కుంగదీస్తే ఉక్కు పదునే చెడిపోతుంది. ఇది చేసేవారినీ చేయించుకునేవారినీ ఎవరైనా చేతులు పట్టుకుని ఆపాలి.

కంపెనీలకు ఇది చేతకాని పని కాదు. డుకాటి మాన్‌స్టర్ 937 సీటు ఎత్తు 820 మిల్లీమీటర్లు. తక్కువ ఎత్తు సీటు వేస్తే 800, దానికి సస్పెన్షన్ తగ్గించే కంపెనీ కిట్ కూడా చేరిస్తే 775. బీఎండబ్ల్యూ తన జీఎస్ బండ్లకు ఎత్తు తగ్గించిన సస్పెన్షన్‌ను ఫ్యాక్టరీలోనే అమర్చి ఇచ్చింది. హార్లీ డేవిడ్‌సన్ 2021లో తెచ్చిన పాన్ అమెరికా స్పెషల్‌కు, బండి ఆగబోతున్నప్పుడు తనంతట తానే దిగే సస్పెన్షన్‌ను పెట్టింది. అవి ఖరీదైన బండ్లు కదా అనవచ్చు. మన దగ్గరే 2023లో కేటీఎం 390 అడ్వెంచర్‌లో సీటు ఎత్తును 855 నుంచి 830కి తగ్గించిన రకం వచ్చింది. హిమాలయన్ 450కి 805 మిల్లీమీటర్ల ఎత్తునిచ్చే తక్కువ సీటును కంపెనీయే అమ్ముతోంది. ఆ సీటు వేసుకున్నాక కాలు అందిన వాళ్ల మొహాలు నేను చూశాను, అందుకు ఆ డిజైనర్లకు కృతజ్ఞతలు. అది సరిపోని వారికి తర్వాతి మెట్టు కూడా వేయండనే అడుగుతున్నాను.

దించితే బండి స్పీడ్ బ్రేకర్లకు తగులుతుందన్నది నాకు తరచుగా ఎదురయ్యే అభ్యంతరం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. మన కాలనీల్లో ఇరుగ్గా, నిటారుగా పోసిన దిమ్మెలు వేరే కథ, నిజమే. అయినా హిమాలయన్ 450 గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకూ బండి అడుగుకూ నడుమ ఖాళీ, 230 మిల్లీమీటర్లు. దానిలో 25 తగ్గినా 205 మిగులుతుంది. క్లాసిక్ 350కి ఫ్యాక్టరీ నుంచి వచ్చేదే 170. కనుక ఎత్తైన బండిని అంగుళం దించితే నగరంలో పోయేది ఏమీ లేదు. అదే 170 ఉన్న బండిని దించమని మాత్రం నేను ఎవరికీ సలహా ఇవ్వను. అక్కడ సీటు ఫోమ్, సీటు వెడల్పు సరిచేసుకోవడమే మేలు.

కమిషనర్ గారూ, ఇక చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్.సి.లోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్నవాటికి భిన్నంగా మారేలా యజమాని వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని గట్టిగా నిలబెట్టింది. అదే ఏడాది వచ్చిన సవరణతో 182ఎ సెక్షన్ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ఈ కట్టుబాటు ఉండాల్సిందేనని నేనూ నమ్ముతాను. చెవులు చిల్లులుపడే సైలెన్సర్లను రోజూ వినే ఊరు మనది. అయితే వాహన నిర్మాణంలో చేసిన మార్పు దాని మౌలిక లక్షణాన్ని మార్చితేనే అది 'మార్పు' అవుతుందని అదే 52వ సెక్షన్ వివరణ చెబుతోంది. సీటు ఎత్తు ఆర్.సి.లో రాసే వివరం కాదు. అలాంటప్పుడు ఇంజిన్, ఛాసిస్, చక్రాలు ఏవీ ముట్టుకోకుండా బండిని 25 మిల్లీమీటర్లు దించడం మౌలిక లక్షణాన్ని మార్చడం అవుతుందా? నేను అడిగినవారిలో ఒక అధికారి అవుననీ, మరొకరు కాదనీ అన్నారు. ఈ సందిగ్ధం వల్ల జనం చేయించుకోవడం మానలేదు, చెప్పుకోవడం మానేశారు. ప్రమాదం జరిగి బీమా సొమ్ము కోసం వెళ్లినప్పుడు, ముందుగా తెలియజేయని ఆ మార్పే వాళ్లకు అడ్డం పడే అవకాశం ఉంది.

వికలాంగుల కోసం వాహనాన్ని అనుకూలంగా మార్చుకునే వీలు చట్టంలో ఉంది, అది ఎంతో మంచి ఏర్పాటు. పొట్టితనం వైకల్యం కాదు గనుక మావాళ్లు ఆ దారిన రాలేరు, రావాలని కోరడం కూడా సరికాదు. వాళ్లకు సరిపోయే నమూనా అదే చట్టంలో మరోచోట ఉంది. పెట్రోలు బండికి గ్యాస్ కిట్ పెట్టించుకోవాలంటే ఆమోదం పొందిన కిట్‌ను అర్హత ఉన్నవారి చేత పెట్టించి, ఆర్.సి.లో రాయించుకుంటాం. ఇంధనాన్నే మార్చే పనికి దారి చూపిన ప్రభుత్వం అంగుళం ఎత్తు తగ్గించే పనికి చూపలేదా? నియమాలు చేయవలసింది కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ అని నాకు తెలుసు. మీ శాఖ తరఫున ఆ మంత్రిత్వ శాఖకు ప్రతిపాదన పంపండి. ఈలోగా కంపెనీయే తన బండి కోసం తయారుచేసి, తన సర్వీస్ సెంటర్‌లో బిగించి, బిల్లు ఇచ్చిన తక్కువ ఎత్తు సీటు, స్ప్రింగు, సస్పెన్షన్ భాగాల విషయంలో మోటారు వాహన ఇన్‌స్పెక్టర్లు ఏమని భావించాలో రాతపూర్వకంగా స్పష్టం చేయండి. లేత్ షాపు పట్టీలకూ కోసిన స్ప్రింగులకూ మినహాయింపు ఇమ్మని నేను అడగడం లేదు.

కంపెనీల వారికి నా మనవి: ప్రతి ఎత్తైన మోడల్‌కూ మీరే ఒక కిట్ తయారుచేయండి. పొట్టి షాక్‌అబ్జార్బర్ లేదా దానికి తగిన లింకు, ముందు ఫోర్కు కదలికను అంతే మేరకు కుదించే స్పేసర్లు, తక్కువ బరువుకు సరిపడే స్ప్రింగులు, పొట్టి సైడ్ స్టాండు అన్నీ ఒకే పెట్టెలో ఉండాలి, విడివిడిగా అమ్మకూడదు. వాహనాలను పరీక్షించే సంస్థలైన పుణెలోని ఏఆర్ఏఐలోనో మానేసర్‌లోని ఐక్యాట్‌లోనో బండికి ఆమోదం తీసుకునేటప్పుడే తక్కువ ఎత్తు రకానికి కూడా తీసుకుంటే, బుకింగ్ రోజునే కొనేవారు ఎంచుకోవచ్చు. వారంటీ గొడవా ఉండదు, ఆర్.సి. గొడవా ఉండదు.

మరొక చిన్న కోరిక, దీనికి ఖర్చు కూడా లేదు. సీటు ఎత్తు ఒక్కటే చెబితే కాలు అందుతుందో లేదో తెలియదు. వెడల్పైన సీటు తొడలను పక్కలకు నెట్టేస్తుంది, కనుక 805 ఉన్న వెడల్పు సీటుకన్నా 825 ఉన్న సన్నని సీటే ఒక్కోసారి నయం. ఒక పాదం నుంచి సీటు మీదుగా రెండో పాదం దాకా ఉండే కొలతను బీఎండబ్ల్యూ తన బండ్ల వివరాల్లో చాలాకాలంగా ఇస్తోంది. మీరూ ఇవ్వండి. ఇంట్లో టేపుతో కాలు కొలుచుకుని, ఏ బండి చూడటానికి వెళ్లాలో మావాళ్లు ముందే తేల్చుకుంటారు.

కమిషనర్ గారు అనుమతిస్తే, సమంగా దించిన బండిని, వెనుక మాత్రమే దించిన బండిని, ఏ మార్పూ చేయని బండిని వాటి యజమానుల సమ్మతితో నాగోలు టెస్ట్ ట్రాక్‌కు తీసుకురావడానికి నేను సిద్ధంగా ఉన్నాను. మీ ఇన్‌స్పెక్టర్లు వాటిని స్వయంగా నడిపి, విప్పి, కొలిచి చూడవచ్చు. పైన చెప్పిన పట్టీల జతను కూడా నా దగ్గరే ఉంచాను; అది కూడా వెంట తెస్తాను. వర్షాలు మొదలయ్యేలోగా ఏదో ఒక రోజు కేటాయించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక మోటార్‌సైకిల్ శిక్షకురాలు,
హైదరాబాద్.